అలవాటు చేయించడం, మాన్పించడం ఎలా: కండిషనింగ్ సూత్రాలతో పని చేసే పద్ధతి

సైకాలజీ పరీక్ష ఏదైనా రాసినవాళ్ళకు పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక ప్రయోగాలు కంఠతా వచ్చే ఉంటాయి. జతపరచమంటే కళ్ళు మూసుకుని జతపరుస్తారు. అదే మనిషిని, ఫోన్ ఇస్తే తప్ప ముద్ద మింగని పిల్లాడిని ఏం చేయాలని అడగండి. "రెండు తగిలించాలి" అంటారు, లేదా "పెద్దయితే వాడే మారతాడు" అంటారు. ఆ ప్రయోగాలు చెప్పింది ఈ రెండూ కాదు. ఒక పని చేసిన వెంటనే ఏం జరుగుతోందో చూడమన్నాయి. మనం ఏ ఉద్దేశంతో చేశామన్నది పక్కన పెట్టి, అవతలివాళ్ళకు నిజంగా ఏం అందిందో చూడమన్నాయి. కింద చెప్పే పద్ధతంతా దాని మీదే నడుస్తుంది. ఇంట్లో పిల్లలతో వాడొచ్చు, క్లాసులో వాడొచ్చు, మీ మీద మీరే వాడుకోవచ్చు.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి

మీరు మార్చాలనుకుంటున్నది మనిషి చేసే పనా, లేక మనిషికి దానంతట అదే కలిగే స్పందనా? హోంవర్కుకి కూర్చోవడం, అరవడం, గోళ్ళు కొరకడం, ఫోన్ తీయడం, ఇవన్నీ పనులు. కుక్కను చూడగానే గుండె దడదడలాడటం, ఒకసారి వాంతి అయిన తిండి వాసన తగిలితే కడుపులో తిప్పడం, పరీక్ష హాలు గుమ్మంలో అడుగు పెట్టగానే చేతులు చల్లబడటం, ఇవి స్పందనలు.

స్పందనల దారి పావ్‌లోవ్‌ది. ఆయన అసలు మనస్తత్వ శాస్త్రవేత్త కాదు. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న శరీరధర్మ శాస్త్రవేత్త. కుక్కలకు తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషిని చూసే లాలాజలం ఊరడం గమనించి, తన పరిశోధననే అటు తిప్పుకున్నాడు. తిండికి ముందు మెట్రోనోమ్ శబ్దం పదేపదే వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆ శబ్దానికే లాలాజలం ఊరింది. దీన్నే పుస్తకాల్లో శాస్త్రీయ నిబంధనం (క్లాసికల్ కండిషనింగ్) అంటారు. ఇందులో కుక్క ప్రత్యేకంగా చేసిన పనేమీ లేదు. రెండు విషయాలు జంటగా వచ్చాయి, శరీరం వాటిని కలిపేసుకుంది.

పనుల దారి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు థార్న్‌డైక్, స్కిన్నర్‌లది. పని తర్వాత వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని బలపడుతుంది, లేదా బలహీనపడుతుంది. దీని పేరు కార్యసాధక నిబంధనం (ఆపరెంట్ కండిషనింగ్).

ఈ తేడా ఎందుకంటే, మందు మారిపోతుంది. భయపడే పిల్లకు "భయపడకపోతే చాక్లెట్" అని చెప్పి లాభం లేదు, భయం ఆమె చేస్తున్న పని కాదు కాబట్టి. భయాల సంగతి చివర్లో విడిగా చెబుతాను. అంతవరకూ పనుల గురించే.

లెక్కపెట్టగలిగేలా రాయండి

"వాడికి బద్ధకం", "దీనికి పొగరు", "నాకు క్రమశిక్షణ లేదు" అని రాసుకుంటే పని జరగదు. బద్ధకాన్ని ఎవరూ చూడలేరు. 1913లో జాన్ వాట్సన్ ప్రవర్తనావాదాన్ని ప్రకటించినప్పుడు పట్టుబట్టింది దీని గురించే: కంటికి కనిపించేదాన్నే పట్టుకుందాం, లోపల ఏముందో ఊహించొద్దు అని. మనస్తత్వ శాస్త్రం మొత్తానికి ఆ నియమం సరిపోదని తర్వాత తేలింది కానీ, ఇంట్లో ఒక అలవాటు మార్చడానికి మాత్రం ఇంతకన్నా మంచి నియమం లేదు.

"బద్ధకం" కొట్టేసి, "సాయంత్రం పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్న నిమిషాలు" అని రాయండి. "పొగరు" బదులు "పిలిస్తే పలకకుండా ఉండిపోయిన సార్లు" అనండి. ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెడితే ఒకే అంకె రావాలి. అలా రాకపోతే మీరు రాసింది ఇంకా అభిప్రాయమే. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా కేవలం లెక్కపెట్టండి. చాలామంది ఈ వారాన్ని దాటేస్తారు. ఆ తర్వాత మార్పు వచ్చిందో లేదో తెలియక ఇంట్లో వాదులాటలు మొదలవుతాయి.

ముందేం జరిగింది, వెనకేం జరిగింది

అదే వారంలో, అదే కాగితం మీద మూడు గడులు గీయండి: ముందు జరిగింది, చేసిన పని, వెంటనే జరిగింది. ఈ మొత్తం వ్యవహారంలో అసలు రహస్యం మూడో గడిలోనే బయటపడుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త నిదానించండి.

ఫోన్ ఇస్తే తప్ప తినని పిల్లాడి భోజనాన్ని దగ్గరగా చూద్దాం. మొదటి ముద్దకు తల పక్కకు తిప్పుతాడు. "తిను నాన్నా" అంటుంది అమ్మ. రెండో ముద్దకు "ఊఁహూఁ". అమ్మ బతిమాలుతుంది. మూడోసారి రాగం తీస్తాడు, కాళ్ళతో కుర్చీని తంతాడు. పొయ్యి మీద ఏదో పొంగుతూ ఉంటుంది, ఇంకోవైపు ఆఫీసుకు టైమవుతూ ఉంటుంది. అమ్మ ఫోన్ అన్‌లాక్ చేసి ముందు పెడుతుంది. ఏడుపు టక్కున ఆగుతుంది, నోరు తెరుచుకుంటుంది.

ఇక్కడ ఇద్దరు నేర్చుకున్నారు. పిల్లాడు నేర్చుకున్నది: ఒకసారి, రెండుసార్లు వద్దంటే ఫోన్ రాదు, కుర్చీని తన్నితే వస్తుంది. ఇది ధనాత్మక పునర్బలనం, అంటే కావలసింది వచ్చి పని బలపడటం. అమ్మ నేర్చుకున్నది: ఫోన్ ఇస్తే ఈ గోల ఆగుతుంది. ఇది ఋణాత్మక పునర్బలనం, అంటే బాధ పెట్టేది తొలగిపోయి పని బలపడటం. ఋణాత్మకం అనగానే శిక్ష అనుకుని పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్ళు బోలెడుమంది. శిక్ష పనిని తగ్గిస్తుంది, పునర్బలనం ఏదైనా పెంచుతుంది. ఇక్కడ అమ్మ ఫోన్ ఇవ్వడం రోజురోజుకీ పెరుగుతోంది. పిల్లాడు అమ్మకు శిక్షణ ఇస్తున్నాడు, వాడికి ఆ సంగతి తెలియదు, అంతే.

మొదటి గడిని కూడా వదిలేయకండి. కొన్ని అలవాట్లను అక్కడే తుంచేయవచ్చు. నిద్రపట్టనివాళ్ళ కోసం 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి ఇలాంటిదే: మంచాన్ని నిద్రకు మాత్రమే ఉంచండి, అక్కడ ఫోన్ చూడటం, తినడం, లెక్కలు వేసుకోవడం వద్దు, ఎంతకీ నిద్ర రాకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళి, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి రండి. మంచం అంటే మెలకువ అని నేర్చుకున్న శరీరానికి, మంచం అంటే నిద్ర అని మళ్ళీ నేర్పడమే ఇందులో పని. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూసే అలవాటుకు చార్జర్‌ను పడకగదిలోంచి బయటికి మార్చడం మంచి ఆరంభం.

ప్రతిఫలం మీరు నిర్ణయించేది కాదు

"స్టిక్కర్ ఇచ్చాను, పొగిడాను, అయినా మారలేదు" అంటారు. అలాగైతే అది పునర్బలనం కాదు. ఏది ఇచ్చాక పని పెరిగిందో అదే పునర్బలనం, ఇంకో నిర్వచనం లేదు. నలుగురిలో పొగిడితే పొంగిపోయే పిల్లలుంటారు, సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళూ ఉంటారు. రెండో రకం పిల్లకు క్లాసులో చప్పట్లు కొట్టిస్తే మర్నాడు చెయ్యి ఎత్తడం మానేస్తుంది. తిట్లు కూడా కొందరికి బహుమతే. రోజంతా ఎవరూ పట్టించుకోని పిల్లాడికి, అల్లరి చేస్తే టీచర్ దగ్గరికొచ్చి, పేరు పెట్టి పిలిచి, రెండు నిమిషాలు తన మొహంలోకే చూస్తూ మాట్లాడుతుంది కదా.

ఏం ఇవ్వాలో తోచకపోతే డేవిడ్ ప్రీమాక్ 1959లో చెప్పిన ఉపాయం వాడండి. అడ్డు చెప్పేవాళ్ళు లేనప్పుడు ఆ మనిషి ఎక్కువగా ఏ పని చేస్తాడో చూడండి. అదే ప్రతిఫలం. ఎక్కువగా చేసే పనిని తక్కువగా చేసే పని వెనక పెట్టాలి: ముందు లెక్కలు, ఆ తర్వాత సైకిల్. చాలా ఇళ్ళల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది: "సరే, అరగంట ఆడుకుని వచ్చి చదువు." ప్రతిఫలం ముందే చేతికి అందాక పని ఎందుకు జరుగుతుంది?

వెంటనే ఇవ్వండి

థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆకలితో ఉన్న పిల్లిని పెట్టెలో పెట్టి, తలుపు బయట చేప ముక్క ఉంచేవాడు. పిల్లి గీరుతుంది, కరుస్తుంది, తోస్తుంది. ఎప్పుడో అనుకోకుండా తాడుకో మీటకో పంజా తగిలితే తలుపు తెరుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ పెడితే పనికిరాని చేష్టలు తగ్గుతూ, బయటపడే సమయం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. మెరుపులా "ఓహో!" అనిపించిన ఘట్టమేమీ ఆయన గీసిన ఆ సమయాల గ్రాఫుల్లో కనబడలేదు. తలుపు పంజా తగిలిన క్షణంలోనే తెరుచుకోవడం గమనించండి. పది నిమిషాల తర్వాత తెరుచుకుని ఉంటే, ఆ సమయానికి పిల్లి చేస్తున్న ఏదో వేరే పని బలపడేది.

అందుకే "ఈ ఏడు ఫస్టు వస్తే సైకిల్ కొంటా" అన్న మాట, ఇవాళ సాయంత్రం ఏడింటికి పుస్తకం తెరవడం మీద దాదాపు ఏ ప్రభావమూ చూపదు. మనుషులకు భాష ఉంది కాబట్టి కొంత ఆలస్యాన్ని మాటలతో పూడ్చవచ్చు. చార్టు మీద టిక్కు, సీసాలో ఒక గోళీ వంటి గుర్తులు ఆ పనికే. గుర్తు వెంటనే పడాలి, దాన్ని మార్చుకోవడం రాత్రికైనా ఫర్వాలేదు. టిక్కు పెడుతూ దేనికో ఒక్క ముక్కలో చెప్పండి: "పిలవకుండానే పుస్తకం తీశావు." "గుడ్ బాయ్" అంటే వాడికి ఏం తెలుస్తుంది?

ఉన్నచోటు నుంచే మొదలుపెట్టండి

లేని పనికి ప్రతిఫలం ఇవ్వలేరు. పావురం చుట్టూ గుండ్రంగా తిరగాలని స్కిన్నర్ అనుకుంటే, తిరిగేదాకా ఎదురు చూడలేదు. తల కొద్దిగా ఎడమకు కదిలితే గింజ. అది కుదిరాక, మెడ తిప్పితేనే గింజ. తర్వాత పావు చుట్టు, సగం చుట్టు. దీన్ని రూపీకరణం అంటారు.

గంట చదవాలని మీ కోరిక, పిల్ల ప్రస్తుతం చదువుతున్నది నాలుగు నిమిషాలు. మొదటి మెట్టు అయిదు నిమిషాలు, పదిహేను కాదు. మూడు నాలుగు రోజులు తేలిగ్గా జరిగితే ఏడు నిమిషాలు చేయండి. రెండు రోజులు వరసగా తప్పితే మెట్టు ఎత్తు ఎక్కువైనట్టు లెక్క, ఒక మెట్టు దిగండి. దిగడంలో నామోషీ ఏమీ లేదు. పెద్దవాళ్ళ వ్యాయామం తీర్మానాలు కూలిపోయేది కూడా ఇక్కడే, మొదటి మెట్టే గంటసేపు నడక అయి కూర్చుంటుంది.

కుదిరాక, ప్రతిసారీ ఇవ్వడం ఆపండి

కొత్త పని నేర్పేటప్పుడు ప్రతిసారీ ఇవ్వాలి. కుదిరాక అప్పుడప్పుడూ ఇవ్వాలి. స్కిన్నర్ దీన్ని కనుక్కున్న తీరు నాకు చాలా ఇష్టం. అప్పట్లో, పెట్టెలో మీట నొక్కిన ఎలుకలకు ఇచ్చే తిండి గుళికలను ఆయనే చేత్తో చేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే, సోమవారం పొద్దుటికి గుళికలు అయిపోయేలా ఉన్నాయి. సాయంత్రమంతా గుళికలు చుట్టే ఓపిక లేక, మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒక్కసారే ఇద్దామనుకున్నాడు. ఎలుకలు మీట నొక్కడం మానలేదు, నిలకడగా నొక్కుతూనే పోయాయి. అక్కడ మొదలైన పని 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి వేసిన పెద్ద గ్రంథం దాకా వెళ్ళింది.

అందులోంచి మనకు కావలసింది ఇంతే. ఎన్నోసారికి వస్తుందో తెలియని ప్రతిఫలం పనిని అన్నిటికన్నా మొండిగా నిలబెడుతుంది. జూదం మెషిన్ల ముందు మనుషుల్ని కూర్చోబెట్టేది, ఫోన్‌ను ఊరికే తీసి చూసేలా చేసేది ఇదే. కాబట్టి మంచి అలవాటుకు టిక్కులను మెల్లగా పలచన చేయండి: ప్రతిరోజూ నుంచి రెండు రోజులకు, ఆపైన ఎప్పుడో తెలియకుండా.

ఇదే నియమం మీకు ఎదురు తిరుగుతుంది కూడా. మారాం చేసిన పదిసార్లలో ఎనిమిదిసార్లు గట్టిగా నిలబడి, రెండుసార్లు "పోనీలే" అని ఇచ్చారనుకోండి. మీ లెక్కలో మీరు చాలా స్ట్రిక్టు. పిల్లాడి లెక్కలో ఇది జూదం మెషిను. ప్రతిసారీ ఇచ్చే ఇంట్లోకన్నా ఇలా అప్పుడప్పుడూ ఇచ్చే ఇంట్లో మారాం మాన్పించడం కష్టం.

మాన్పించేటప్పుడు ముందు ఎక్కువవుతుంది, సిద్ధంగా ఉండండి

చెడు అలవాటుకు అందుతున్న ప్రతిఫలాన్ని ఆపేస్తే అది క్రమంగా ఆరిపోతుంది. దీని పేరు విరమణం. చెప్పడం తేలిక, కానీ ప్రతిఫలం ఆగిన మొదట్లో ఆ పని తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. లిఫ్ట్ బటన్ పనిచేయకపోతే మనం వెంటనే మెట్లెక్కుతామా? ఇంకో నాలుగుసార్లు, ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. పిల్లాడూ అంతే, కుర్చీని తన్నేవాడు కంచాన్ని తోసేస్తాడు. "ఈ పద్ధతి పనిచేయడం లేదు" అని ఆ రోజు ఫోన్ ఇచ్చేస్తే, కంచం తోస్తేనే ఫోన్ వస్తుందని నేర్పినవాళ్ళవుతారు. వ్యవహారం మొదటికన్నా అధ్వాన్నం అవుతుంది.

అందుకని మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరితో మాట్లాడుకోండి. అమ్మ ఆపి, తాతయ్య చాటుగా ఇస్తుంటే మొదలుపెట్టకపోవడమే మంచిది. పరీక్షలు, ప్రయాణాలు, చుట్టాలు ఉన్న వారాన్ని ఎంచుకోకండి. ఊరికే ఆపడం కాకుండా, కావలసింది దొరికే మంచి దారి ఒకటి తెరిచి పెట్టండి: ఫోన్ లేకుండా మూడు ముద్దలు తింటే వెంటనే వాడికి నచ్చిన ఆట పది నిమిషాలు మీతోనే. ఇక్కడా మెట్లు వర్తిస్తాయి, మొదటి రోజు మూడు ముద్దలే చాలు.

అంతా సర్దుకుందనుకున్నాక ఒకరోజు హఠాత్తుగా పాత గోల మళ్ళీ మొదలవుతుంది. పావ్‌లోవ్ కుక్కల్లోనూ ఇదే కనిపించింది: ఆరిపోయిన లాలాజలం కొంత విరామం తర్వాత దానంతట అదే తిరిగి వచ్చింది. అయత్నసిద్ధ స్వాస్థ్యం అని దీనికో బరువైన పేరు. పాత పాఠం చెరిగిపోలేదు, దాని మీద కొత్త పాఠం పడింది, అంతే. మీరు కదలకుండా ఉంటే ఈసారి త్వరగా చల్లారుతుంది. చోటు మారినా ఇలాగే జరుగుతుంది, ఇంట్లో మానిన పని ఇంకొకరి ఇంట్లో బయటపడుతుంది.

పసిపిల్లల ఆకలి ఏడుపుకు, నొప్పికి, తనను తాను గాయపరచుకునే పనులకు ఈ 'పట్టించుకోకపోవడం' వాడకూడదు. అది పద్ధతి కాదు, నిర్లక్ష్యం.

శిక్ష సంగతి రెండు మాటల్లో చెబుతాను. శిక్ష పనిని అప్పటికప్పుడు అణుస్తుంది, బదులుగా ఏం చేయాలో మాత్రం నేర్పదు. థార్న్‌డైక్ కూడా మొదట బహుమతి, శిక్ష సమాన బలం కలవనే అనుకుని, తర్వాత, ఫలితాన్ని బట్టి పని బలపడుతుందన్న తన నియమంలో శిక్ష పాత్రను బాగా తగ్గించేశాడు. పైగా శిక్షతో పాటు పావ్‌లోవ్ కూడా గదిలోకి వస్తాడు: దెబ్బ, లెక్కల పుస్తకం, మీ మొహం మూడూ జంటగా వచ్చాయి కాబట్టి మూడూ ఒకటైపోతాయి. కొట్టి చదివించినవాళ్ళ పిల్లలు చదువును చూసి పారిపోవడంలో వింత ఏముంది?

భయం అయితే

1920లో వాట్సన్, రోసలీ రేనర్ కలిసి ఆల్బర్ట్ అని పిలిచిన పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొద్ది జంటలకే వాడు ఎలుకను చూసి ఏడవడం మొదలుపెట్టాడు, ఆ భయం కుందేలుకూ, బొచ్చు కోటుకూ పాకింది. ఆ భయాన్ని పోగొట్టకుండానే వదిలేశారు. ఇవాళ ఏ నైతిక కమిటీ ఒప్పుకోని పని ఇది. మనకు పనికొచ్చేది 1924లో మేరీ కవర్ జోన్స్ చేసిన దానికి వ్యతిరేకమైన పని.

ఆమె దగ్గరికొచ్చిన పీటర్‌కు మూడేళ్ళ లోపు వయసు, కుందేలంటే హడల్. వాడు కుర్చీలో కూర్చుని ఇష్టమైనవి తింటుండగా, బోనులో ఉన్న కుందేలును దూరంగా పెట్టేవారు. తినడం ఆగనంత దూరంలోనే. రోజులు గడిచేకొద్దీ దగ్గరికి తెచ్చారు. భయపడని పిల్లలను కూడా పక్కన ఉంచేవారు. మధ్యలో పీటర్ జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడు, బయటికి వస్తుంటే పెద్ద కుక్క మీదికొచ్చింది, భయం మొదటికొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా వాడు బెదరలేదు.

మీరు చేయాల్సింది కూడా ఇదే. భయాన్ని పది మెట్లుగా కాగితం మీద రాయండి: కుక్క బొమ్మ, కుక్క వీడియో, వీధి చివర కట్టేసిన కుక్క, ఇలా. అన్నిటికన్నా తేలిక మెట్టు దగ్గర, పిల్ల హాయిగా ఉన్నప్పుడు, ఇష్టమైన పని చేస్తున్నప్పుడు మొదలుపెట్టండి. ఆ మెట్టు దగ్గర విసుగు పుట్టేదాకా ఉండి, అప్పుడే పై మెట్టుకు వెళ్ళండి. "ఏం కాదు, ముట్టుకో" అని చెయ్యి పట్టి లాగితే జోన్స్ పని కాకుండా వాట్సన్ పని చేసినట్టవుతుంది. ఊపిరాడనంత భయం, స్కూలు మానేసేంత భయం అయితే ఇంటి వైద్యం వద్దు, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు వాడే పద్ధతికి పునాది కూడా ఇదే, 1958లో జోసెఫ్ వోల్ప్ దాన్ని చికిత్సగా తీర్చిదిద్దాడు.

ఇష్టంగా చేసే పనికి బహుమతి ప్రకటించకండి

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న చిన్నపిల్లలను ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఆ పిల్లలే పెన్నులను తక్కువగా ముట్టుకున్నారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. కథల పుస్తకాలు తనంతట తనే చదివే పిల్లకు పుస్తకానికింత అని రేటు కడితే అసలుకే ఎసరు. చార్టులూ టిక్కులూ ఇష్టం లేని పనులకు, ఇంకా మొదలే కాని పనులకు.

రెండు వారాలైనా అంకె కదలకపోతే

పద్ధతిని తిట్టుకోకుండా ఈ వరసలో వెతకండి. ప్రతిఫలం ఊరికే కూడా దొరుకుతోందా? ఎప్పుడైనా ఫోన్ చూడగలిగే పిల్లకు ఫోన్ ప్రతిఫలం కాదు. ఆలస్యంగా ఇస్తున్నారా? మెట్టు పెద్దదా? పాత అలవాటుకు ఇంకెవరైనా చాటుగా మేత వేస్తున్నారా? ఇవేవీ కాకపోతే, ఆ పని అసలు చేయగలిగే స్థితిలో ఉన్నారో లేదో చూడండి. బోర్డు మీద అక్షరాలు కనబడని పిల్ల నోట్సు రాయదు, రాత్రి సరిగా నిద్ర లేనివాడు పొద్దున్నే లెక్కలు చేయడు, అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉన్నవాడికి చదవడమే శిక్ష. అక్కడ చార్టు తీసేసి, ముందు కళ్ళు, చెవులు, నిద్ర పరీక్ష చేయించండి. చదవడంలోనే ఇబ్బంది ఉందనిపిస్తే, టీచర్‌తో మాట్లాడి దానికి విడిగా పరీక్ష చేయించండి.